ప్లేగు నాటి సూరత్, ఆ తరువాతి సూరత్

గత సంవత్సరం మా శాఖకు ఒక ఋణ దరఖాస్తు వచ్చింది. నాలుగు మరమగ్గాలు, మా ప్రాంతపు మాటలో నాలుగు సాంచలు, వాటికొక షెడ్డు. దరఖాస్తుదారు నలభై ఏళ్ళు నిండని యువకుడు. "పూర్వానుభవం" అనే గడిలో అతడు తన అనుభవంతో పాటు తండ్రి అనుభవాన్ని కూడా వ్రాశాడు. తండ్రి 1986లో సూరత్ వెళ్ళి, 32 సంవత్సరాలు అక్కడి కార్ఖానాలలో సాంచలు నడిపి, 2018లో స్వగ్రామానికి తిరిగి వచ్చిన పద్మశాలి.

స్థల పరిశీలనకు వెళ్ళినప్పుడు ఆ పెద్దాయన నాకు యంత్రాలు ఎక్కడ దిగుతాయో చూపలేదు. నన్ను స్థలం వెనుక భాగానికి తీసుకువెళ్ళి, "ముందుగాల నీళ్ళు ఎటు పోతయో చూడు సారూ, సాంచల సంగతి తర్వాత" అన్నాడు. అంచనా పట్టికలో కూడా మురుగు కాలువకు, కార్మికుల మరుగుదొడ్డికి, నూలు కండెలు పెట్టుకొనేందుకు నేలకు ఎత్తుగా అరలకు వేరువేరుగా మొత్తాలు చూపించి ఉన్నాయి. నాలుగు సాంచల షెడ్డుకు ఇంత ఏర్పాటు ఎందుకని అడిగాను. "94ల సూరత్ చూసినోన్ని" అన్నది ఆయన సమాధానం.

1994 నాటికి నాకు ఏడేళ్ళు. ముక్కుకు రుమాలు కట్టుకొని టిక్కెట్లు కొట్టిన ఒక బస్సు కండక్టరు తప్ప నాకు మరేమీ గుర్తు లేదు. ఆ దరఖాస్తు కారణంగా సూరత్ నగర చరిత్రను తెలుసుకొనవలసి వచ్చింది. బట్టల వ్యాపారం చేసే మన డీలర్లకు సూరత్ అంటే రింగు రోడ్డు మార్కెట్టు, పార్శిళ్ళు, ఉద్దెర ఖాతాలు. సరుకు పంపే ఆ ఊరు ఒకప్పుడు ఎలా కుప్పకూలింది, ఎలా లేచి నిలబడింది అనే విషయం వారికి కూడా ఉపయోగపడగలదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్ మొగలాయీల కాలంలో పశ్చిమ తీరానికి ప్రధాన రేవు. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ మన దేశంలో తొలినాళ్ళలో స్థావరం ఏర్పరచుకొన్నది అక్కడే. శివాజీ 1664లోను, 1670లోను ఆ నగరంపై దాడి చేసిన సంగతి పాఠ్యపుస్తకాలలో చదివినదే. బొంబాయి ఎదిగిన కొద్దీ సూరత్ రేవు వెనుకబడింది. జరీ, నేత, ఆ తరువాత కృత్రిమ దారంతో నేసే మరమగ్గాలు, అద్దకపు మిల్లులు, వజ్రాల సానలు దానిని మళ్ళీ నిలబెట్టాయి. పని ఉన్న చోటికి మనుషులు వస్తారు. సౌరాష్ట్ర నుండి వజ్రాల పనివారు, ఒరిస్సాలోని గంజాం జిల్లా నుండి మగ్గాల పనివారు, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బీహారుల నుండి కూలీలు, కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి మన నేతవారు అక్కడ చేరారు. లింబాయత్ వంటి ప్రాంతాలలో తెలుగు మాట వినిపించని వీధి అరుదు. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా ఉన్నాయి. మా దరఖాస్తుదారు అక్షరాలు దిద్దుకొన్నది అటువంటి బడిలోనే.

1991 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా సుమారు 15 లక్షలు. 2001 నాటికి అది 24 లక్షలు దాటింది, 2011 నాటికి 44 లక్షలు దాటింది. ఇంత వేగంగా పెరిగే ఊరికి మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, చెత్త బండ్లు అదే వేగంతో పెరగాలి. 1990 ప్రాంతంలో అవి పెరగలేదు. భూగర్భ మురుగు వ్యవస్థ నగరంలో కొద్ది భాగానికే ఉండేది. పుట్టే చెత్తలో దాదాపు సగం మాత్రమే ఎత్తబడేది. మిగిలినది వీధి మలుపులలోను, ఓపెన్ కాలువలలోను, నది ఒడ్డున పేరుకొనేది. కార్ఖానాలో పన్నెండు గంటలు పని, ఒక్కొక్క గదిలో ఎనిమిది పది మంది నివాసం, పగటి వారు లేచిన చాపలపైనే రాత్రి వారు పడుకోవడం. ఈ వర్ణన మా పెద్దాయనది.

1994 వర్షాకాలంలో తపతికి వరద వచ్చింది. లోతట్టు వాడలలో నీరు నిలిచింది. నీరు తీసిన తరువాత పశువుల కళేబరాలు, బురద, చెత్త అలాగే ఉండిపోయాయి. సెప్టెంబరు మూడవ వారంలో వేడ్ రోడ్డు పరిసరాల నుండి తీవ్ర జ్వరం, దగ్గుతో రక్తం పడే రోగులు ఆసుపత్రికి రాసాగారు. కొందరు ఒకటి రెండు రోజులలోనే మరణించారు. వైద్యులు ప్లేగు అన్నారు.

ఇక్కడ రోగాన్ని గురించి కొంత చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే అది మన ధాన్యపు గిడ్డంగులకు కూడా సంబంధించిన విషయం. ప్లేగు యెర్సీనియా పెస్టిస్ అనే సూక్ష్మజీవి వలన వస్తుంది. అది మొదట ఎలుకల రోగం. ఎలుకల ఒంటి మీద బ్రతికే ఒక రకం మిన్నల్లి దానిని ఒక ఎలుక నుండి మరొక దానికి చేరవేస్తుంది. ఎలుకలు చచ్చినప్పుడు మిన్నల్లులకు ఆహారం ఉండదు కనుక అవి మనుషులను కరుస్తాయి. అప్పుడు గజ్జలలోను, చంకలలోను బిళ్ళలు కట్టే ప్లేగు వస్తుంది. అది ఊపిరితిత్తులకు చేరితే మిన్నల్లితో నిమిత్తం లేకుండా దగ్గు తుంపరల ద్వారా మనిషి నుండి మనిషికి అంటుకొంటుంది. ఇది న్యుమోనిక్ ప్లేగు. సూరత్‌లో కనిపించినది ఇదే. మొదటి రోజులోనే టెట్రాసైక్లిన్ వంటి మందు పడితే రోగి సాధారణంగా బ్రతుకుతాడు, ఆలస్యమైతే కష్టం. ఊరిలో ఎలుకలు కారణం తెలియకుండా గుంపులుగా చచ్చిపడుతున్నప్పుడు ఎవరూ వాటిని చేతితో ముట్టకుండా ఆరోగ్య కేంద్రానికి తెలియజేయవలెను. అటువంటి సమయంలో ముందు మిన్నల్లులను చంపే మందు చల్లి, ఆ తరువాతనే ఎలుకల మందు పెట్టాలి. క్రమం తప్పితే మిన్నల్లులన్నీ మన మీదికే వస్తాయి. ఎలుకల మందు అమ్మే డీలర్లు ఈ ముక్క కొనుగోలుదారులకు చెప్పడం మంచిది.

సూరత్ కంటె కొద్ది వారాల ముందే, ఆగస్టులో, మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో బిళ్ళల ప్లేగు కనిపించింది. 1993 సెప్టెంబరు 30న లాతూరు భూకంపం వచ్చిన తరువాత ఆ చుట్టుప్రక్కల జనం ఇళ్ళు విడిచి బయట ఉండగా, ఇళ్ళలో నిలిచిపోయిన ధాన్యం ఎలుకల పాలై వాటి సంతతి విపరీతంగా పెరిగిందని నిపుణులు భావించారు. సూరత్‌లో వచ్చినది ప్లేగు అవునా కాదా అని అప్పట్లో చాలా వివాదం నడిచింది. విచారణకు కేంద్ర ప్రభుత్వం నియమించిన సంఘానికి అధ్యక్షుడు శ్రీకాకుళంలో జన్మించిన ప్రఖ్యాత వైద్య శాస్త్రవేత్త ఆచార్య వులిమిరి రామలింగస్వామి. అది ప్లేగేనని ఆ సంఘం తేల్చింది. తరువాతి సంవత్సరాలలో జరిగిన జన్యు పరీక్షలు కూడా దానినే బలపరచాయి.

మృతుల సంఖ్య సుమారు 50. రోగం కంటె భయం అనేక రెట్లు పెద్దది. కొద్ది రోజులలో లక్షలాది మంది నగరం విడిచిపోయారు. పలువురు ప్రైవేటు వైద్యులు కూడా తలుపులు మూసి వెళ్ళిపోయారు. మందుల దుకాణాలలో టెట్రాసైక్లిన్ దొరకలేదు. కొన్ని దేశాలు భారతదేశానికి విమానాలు నిలిపివేశాయి, మన సరుకును నిరాకరించాయి. సూరత్ మగ్గాలు, సానలు దసరా దీపావళి గిరాకీ కాలంలో ఆగిపోయాయి. మా పెద్దాయన భార్యను, నాలుగేళ్ళ కొడుకును తీసుకొని నిలబడేందుకు చోటు లేని రైలులో బయలుదేరాడు. రావలసిన పదిహేను రోజుల కూలి కార్ఖానాదారు దగ్గరే ఉండిపోయింది. ఊరికి వచ్చిన తరువాత మూడు రోజులు వారిని గ్రామం బయట బావి దగ్గర ఉంచారట. వడ్డీకి తెచ్చిన డబ్బుతో మూడు నెలలు గడిపి, వేరే దారి లేక మళ్ళీ సూరత్ వెళ్ళాడు. ఆ అప్పు తీర్చడానికి ఆయనకు నాలుగేళ్ళు పట్టింది. ఒక నగరం కాలువలు తీయకపోతే దాని వడ్డీ ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల దూరాన ఒక గ్రామీణ కుటుంబం కట్టింది!

ప్లేగు పోయిన తరువాత కొన్ని నెలల వరకు నగరం పెద్దగా మారలేదు. 1995 మే నెలలో సూర్యదేవర రామచంద్రరావు అనే ఐ.ఏ.ఎస్. అధికారి మునిసిపల్ కమిషనరుగా బాధ్యతలు స్వీకరించారు. గుజరాత్ కేడరుకు చెందిన ఆయనను ఆ రాష్ట్రంలో ఎస్.ఆర్. రావు అని పిలుస్తారు. ఇంటిపేరు చూడగానే మనవాళ్ళు గుర్తుపట్టగలరు.

ఆయన చేతికి వచ్చిన పనిముట్లలో కొత్తవి ఏవీ లేవు. చట్టం 1949 నాటి బొంబాయి ప్రావిన్షియల్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టమే. పారిశుధ్య సిబ్బంది పాతవారే. ఆదాయం ప్రధానంగా ఊరిలోకి వచ్చే సరుకుపై వసూలయ్యే ఆక్ట్రాయ్. మారినది పని జరిగే తీరు. ఆయన పద్ధతికి ఒక పేరు స్థిరపడింది: "ఏ.సి. నుండి డి.సి.కి". విద్యుత్తుకు సంబంధించిన మాట కాదు. ఏ.సి. అంటే చల్లని గది, డి.సి. అంటే ఆంగ్లంలో రోజువారీ పనులు. అధికారులు ప్రతి ఉదయం గదులు వదిలి వీధులలో తిరగాలి. కమిషనరు కూడా తిరుగుతారు. ఆ తరువాత అందరూ కలిసి కూర్చొని, ఆ రోజు చూసిన లోపాలను చర్చించి, అక్కడే నిర్ణయం తీసుకోవాలి. కాగితం బల్ల నుండి బల్లకు ప్రయాణించే అవసరం ఉండదు. (మా వృత్తిలో ఏ.సి. గది లేకపోయినా, ఫ్యాను క్రింద కూర్చొని పొలం తనిఖీ నివేదిక వ్రాసేవారు లేకపోలేదు. వారిని ఉద్దేశించి నేనేమీ అనడం లేదు.)

రెండవది అధికార పంపిణీ. నగరాన్ని 6 మండలాలుగా విభజించి, ఒక్కొక్క దానికి ఒక అధికారిని నియమించి, ఖర్చు చేయడంలోను, చర్య తీసుకోవడంలోను కమిషనరుకు ఉన్న అధికారాలను చాలా వరకు వారికే అప్పగించారు. అధికారంతో పాటు సాకులు కూడా తగ్గాయి. ఏ వీధి ఎవరి బాధ్యతో తెలిసినప్పుడు "పై నుండి ఆదేశం రాలేదు" అనే మాట చెల్లదు. చెత్త పారబోసినవారి నుండి అక్కడికక్కడే రుసుము వసూలు చేయడం, పరిశుభ్రత పాటించని హోటళ్ళను, మిఠాయి దుకాణాలను మూసివేయించడం, ప్రధాన వీధులను రాత్రివేళ ఊడ్పించడం అమలులోకి వచ్చాయి. పేదల వాడలలో నడక దారులకు రాళ్ళు పరచి, కుళాయిలు, మురుగు కాలువలు, చెల్లించి వాడుకొనే మరుగుదొడ్లు ఏర్పాటు చేశారు.

అన్నిటికంటె కష్టమైనది ఆక్రమణల తొలగింపు. రోడ్డు మీదికి పెరిగిన కట్టడాలను కూల్చేటప్పుడు ఏ ఊరిలోనైనా ముందుగా తోపుడు బండి, గుడిసె పోతాయి. సూరత్‌లో పలుకుబడి గలవారి అక్రమ కట్టడాలు కూడా పోయాయి. సామాన్యుడు ఊరి మాట వినడం అక్కడి నుండే మొదలైందని నా అభిప్రాయం. మా పెద్దాయన దీనినే మరొక విధంగా చెప్పాడు: "సేట్‌ది గూడ కూలగొట్టిన్రు. గప్పుడు మేం గూడ చెత్త డబ్బాల ఏసుడు షురూ చేసినం."

ఆరోగ్య విభాగంలో జరిగిన మార్పు బయటికి అంతగా కనిపించనిది, కాని నా దృష్టిలో అత్యంత విలువైనది. ఆసుపత్రుల నుండి, వైద్యుల నుండి ఏ వాడలో ఏ జ్వరం వచ్చిందన్న సమాచారం రోజూ తెప్పించుకొని పటం మీద గుర్తించేవారు. ఒకచోట గుర్తులు గుమిగూడితే ఆ వాడలోని నీటి గొట్టాన్నో, నిలువనీటినో వెంటనే వెతికేవారు. రోగిని లెక్క వ్రాసుకొనడంతో ఆగక, రోగానికి చిరునామా కనుక్కొనే పద్ధతి ఇది. 1996లో ఇన్‌టాక్ సంస్థ చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా సూరత్‌ను పేర్కొన్నది. ప్లేగు వచ్చి అప్పటికి రెండేళ్ళు మాత్రమే.

ఒక అధికారి బదిలీ అయితే ఊరు మళ్ళీ మొదటికి వస్తుందని మనకు అనుభవం. రావుగారు 1997 వరకు ఉన్నారు. ఆయన తరువాత వచ్చినవారు ఆ దినచర్యను చాలావరకు కొనసాగించారు. దానికి పెద్ద పరీక్ష 2006 ఆగస్టులో వచ్చింది. నగరానికి ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉకాయ్ ఆనకట్ట నుండి గరిష్ఠంగా 9 లక్షల క్యూసెక్కుల వరకు నీరు వదలవలసి వచ్చింది. నగరంలో అధిక భాగం మునిగింది. ప్రాణనష్టం, మగ్గాలకు, దుకాణాలకు అపార నష్టం జరిగాయి. అయితే నీరు తీయగానే పారిశుధ్య దళాలు రంగంలోకి దిగాయి. 1994 నాటి భయం మళ్ళీ రాలేదు. వరద రాకను ముందుగా తెలిపే ఏర్పాట్లు ఆ తరువాత మెరుగుపరచబడ్డాయి.

మురుగు నీటి విషయం రైతులకు ఆసక్తికరం. అద్దకపు మిల్లులకు నీరు విపరీతంగా కావాలి. నగరం మంచినీటిని వారికి ఇస్తే ప్రజలకు తక్కువ పడుతుంది. 2014లో బమ్రోలీ వద్ద మురుగు నీటిని మూడవ దశ వరకు శుద్ధి చేసే కర్మాగారం ప్రారంభమైంది. రోజుకు 4 కోట్ల లీటర్ల శుద్ధజలాన్ని పాండేసరా పారిశ్రామికవాడకు అమ్మడం దాని ఉద్దేశం. ఒకప్పుడు రోగాన్ని తెచ్చిన నీరు ఇప్పుడు నగరపాలక సంస్థకు ఆదాయం తెస్తున్నది.

పొగ విషయంలో మరొక ప్రయోగం జరిగింది. బొగ్గు మండించే మిల్లుల పొగగొట్టాల నుండి వచ్చే ధూళిని యంత్రాలు నిరంతరం కొలుస్తాయి. అన్ని మిల్లులు కలిసి ఇంతకు మించి ధూళి వదలరాదని హద్దు పెట్టి, ఆ హద్దును అనుమతి పత్రాలుగా పంచుతారు. తక్కువ వదిలినవాడు మిగిలిన పత్రాలను ఎక్కువ వదిలినవానికి అమ్ముకోవచ్చు. కాలువ నీటిలో తన వంతు మిగిలిన రైతు, చాలని రైతుకు వెల కట్టి ఇచ్చినట్లుగా ఊహించుకొనవచ్చు. 2019లో మొదలైన ఈ పథకం ధూళికి సంబంధించి ప్రపంచంలోనే మొదటిది. ఇందులో చేరిన మిల్లుల ధూళి 20 నుండి 30 శాతం వరకు తగ్గిందని పరిశోధకులు లెక్కకట్టారు.

బ్యాంకు మనిషిగా నాకు ముఖ్యమైనది మరొకటి. 2019లోనే సూరత్ నగరపాలక సంస్థ 200 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసి మార్కెట్టు నుండి అప్పు తీసుకోగలిగింది. అప్పిచ్చేవాడు ఊరి అందం చూడడు. పన్ను సక్రమంగా వసూలవుతున్నదా, లెక్కలు సకాలంలో తేలుతున్నవా అని చూస్తాడు. 2007లో గుజరాత్ నగరాలలో ఆక్ట్రాయ్ రద్దయింది. ప్రధాన ఆదాయం పోయిన తరువాత కూడా ఒక నగరం తన లెక్కల బలంతో అప్పు పుట్టించుకొన్నదంటే అది మామూలు విషయం కాదు. 2024 జనవరిలో ప్రకటించిన స్వచ్ఛ సర్వేక్షణ్ 2023 ఫలితాలలో సూరత్ ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానం పొందింది.

ఇంతటితో అంతా బాగున్నదని వ్రాస్తే అది సగం తనిఖీయే అవుతుంది. 2019 మే 24న సర్థాణా ప్రాంతంలోని ఒక వాణిజ్య భవనంలో అగ్నిప్రమాదం జరిగి, పై అంతస్తులోని శిక్షణ తరగతిలో ఉన్న 22 మంది విద్యార్థులు మరణించారు. కట్టడాల నియమాలను ఒకనాడు కఠినంగా అమలు చేసిన ఊరిలోనే ఇది జరిగింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వలన మగ్గాలు ఆగినప్పుడు, వేలాది కార్మికులు ఊళ్ళకు పంపమని వీధులలోకి వచ్చారు. వీధులు శుభ్రపడినా, ఆ వీధులలో బ్రతికేవాడి గది ఇరుకుగానే మిగిలింది, కూలి బాకీ మాటగానే మిగిలింది. 1994లో రైలెక్కిన మా పెద్దాయనకు, 2020లో బస్సు కోసం నిలబడిన గంజాం యువకునికి మధ్య ఎంత తేడా ఉన్నదో నేను చెప్పలేను.

మన బట్టల డీలర్లలో కొందరు ఒక్క సూరత్ వ్యాపారి మీదనే సంవత్సరమంతా ఆధారపడతారు. పండుగ సరుకు మొత్తం ఒకే ఊరి నుండి, అదీ ముందుగా డబ్బు కట్టి తెప్పించుకొనేవారు 1994, 2006, 2020 సంవత్సరాలను ఒకసారి గుర్తు చేసుకోవాలి. సరుకులో కొంత భాగమైనా సిరిసిల్ల వంటి దగ్గరి కేంద్రాల నుండి తీసుకొనే వీలు చూసుకోవడం, గిడ్డంగిలోని సరుకుకు వరదతో సహా బీమా చేయించడం, బీమా గడువు తేదీని మా శాఖలో తెలుపడం వారి చేతిలో ఉన్న పనులు. గిడ్డంగిలో బేళ్ళను గోడకు జానెడు దూరంలో, నేలకు ఎత్తుగా చెక్కలపై పేర్చండి. తనిఖీకి వచ్చే క్షేత్రాధికారి చుట్టూ తిరిగి లెక్కపెట్టగలుగుతాడు, ఎలుకకు దాగే చోటు ఉండదు.

ఇక ఆ దరఖాస్తు సంగతి. సాంచలకు, షెడ్డుకు అడిగిన మొత్తం పరిశీలనలో నిలిచింది. పై కార్యాలయం నుండి వచ్చిన ప్రశ్న మాత్రం ఒకటే: మురుగు కాలువ, మరుగుదొడ్డి ఉత్పాదక వ్యయం ఎలా అవుతాయి? నేను రెండు పుటల సమాధానం వ్రాశాను. కార్మికుడు జ్వరంతో మంచమెక్కితే సాంచ ఎన్ని రోజులు ఆగుతుందో, అందువలన వాయిదా ఎంత వెనుకబడుతుందో లెక్కకట్టి చూపాను. మంజూరు పత్రంలో కాలువ, అరలు మిగిలాయి, మరుగుదొడ్డి కొట్టివేయబడింది. ఈ సంగతి చెప్పడానికి వెళ్ళేసరికి పెద్దాయన షెడ్డు మూలన గుంత త్రవ్విస్తున్నాడు. "అది మా పైసలతోని ఎప్పుడో మొదలువెట్టినం సారూ" అని, కాగితం కొడుకు చేతికిమ్మని సైగ చేశాడు.